ఆ అర ఎక్కడినుంచి వచ్చింది?

నా పదవీ విరమణ సభలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ తిప్పి తిప్పి ఒకే మాట అన్నారు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఈయన బోర్డు ముందు ఒక్కసారైనా ఆగింది లేదు. ఎంత మొండి లెక్కయినా సుద్దముక్క పట్టుకున్నాడంటే చివరి గీత దాకా పోవాల్సిందే." జనం చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. నేను తల వంచుకున్నాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. అది సిగ్గు అని ఆ వేదిక మీద చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఈ మధ్య మా కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా కొత్తగా చేరిన అమ్మాయి తిరుపతిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఎమ్మెస్సీ వాళ్ళకు స్టాటిస్టికల్ మెకానిక్సు చెప్పాలట. "సార్, మీకాడ బైండు పుస్తకం ఒకటి ఉండాదంట కదా, లెక్కలన్నీ చేసి పెట్టింది. వారం రోజులు ఇస్తే జిరాక్సు తీసుకోని ఇచ్చేస్తాను" అంది. లేదని అబద్ధం చెప్పలేదు. ఉంది, ఇవ్వను అన్నాను. పాపం, ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. కాఫీ సగంలోనే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ పుస్తకానికి బదులు ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఎవరి వల్ల నాకు ఏ పదవి రాకుండా పోయిందో, అలాంటివి ఇందులో ఉండవు. వాటితో ఎవరికి పని? లెక్క చెప్పడమనే ఉద్యోగంలో నేను చేసిన తప్పేమిటో మాత్రం చెబుతాను. ఆ అమ్మాయీ, ఆమె లాంటివాళ్ళూ చదివితే చాలు.

పైనుంచి కొంత, కిందినుంచి కొంత

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే బోర్డు ముందు నిలబడిపోయాను. తిరుగుతున్న బొంగరం మీద లెక్క. ఎక్కడో ఒక గుర్తు ప్లస్సుకు బదులు మైనస్సు పడింది. వెతుకుతున్నాను, దొరకడం లేదు. వెనక ఎవరో ఆవలించారు. గంట కొట్టేశారు. ఆ సంగతి సాయంత్రానికల్లా మా డిపార్టుమెంటు హెడ్డు చెంగల్రాయులు సారు చెవిన పడింది.

"ఏమప్పా, బోర్డు కాడ నిలబడిపోయినావంట?"

"ఒక గుర్తు తప్పింది సార్. వెతుకుతా ఉంటే గంట కొట్టేసినారు."

"వెతికేది ఇంటికాడ పెట్టుకోవాల. పిల్లోళ్ళ ముందర ఒక తూరి ఆగినావనుకో, ఇంక నువ్వు న్యూటన్ని పట్టుకొచ్చి నిలబెట్టినా నమ్మరు. ఇట్ల రా, సూపిస్తా."

ఆయన ఒక తెల్లకాగితం తీసి, పాఠ్యపుస్తకం చివరి పేజీల్లో ఉండే జవాబును ఆ కాగితం అడుగున రాశారు. పైన ప్రశ్న రాశారు. ప్రశ్న నుంచి నాలుగు మెట్లు కిందికి దిగారు. జవాబు నుంచి మూడు మెట్లు పైకి ఎక్కారు. మధ్యలో రెండు గీతల ఖాళీ మిగిలింది. అందులో ఆకుపచ్చ సిరాతో 'సులభంగా చూపవచ్చు' అని రాసి కలం మూత పెట్టారు.

"ఈ మాట రాసినాక అడిగే మొగోడు లేడు. సులభమంట కదా, నాకే తెలీలేదేమో అని ఎవురికి వాళ్ళు నోరు మూసుకుంటారు" అని నవ్వారు. అప్పుడే తన బైండు పుస్తకం నా చేతికి ఇచ్చారు. మూడు కోర్సుల్లోని కఠినమైన లెక్కలన్నీ అందులో ఉన్నాయి.

దీన్ని మా డిపార్టుమెంటులో 'అతుకు' అనేవాళ్ళం. దాచుకునేవాళ్ళం కూడా కాదు. "నిన్న ఆ హైడ్రోజను లెక్కకు అతుకు ఎక్కడ వేశావు?" అని టీ తాగుతూ ఒకరినొకరు అడిగేవాళ్ళం. నాకు చెయ్యి తిరిగిపోయింది. పాత చీర చిరుగును దర్జీ కుట్టినట్టు, అంగుళం దూరం నుంచి చూసినా కనబడకుండా వేసేవాణ్ణి.

చెంగల్రాయులు సారును దొంగ అనడానికి నాకు నోరు రాదు. వారానికి పాతిక క్లాసులు, ఒక్క పుస్తకానికి అరవై మంది పిల్లలు, జూన్లో మొదలుపెట్టి మార్చికి సిలబస్ ముగించాలి. ఆయన చేతనైనంత చేశారు. జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవడంలో తప్పు లేదు, నిజంగా తెలిసినవాళ్ళూ అలా నడుస్తారు. తప్పంతా ఆ రెండు గీతల్లో ఉంది. మనకు రాలేదు అని ఉండాల్సిన చోట సులభం అని రాశాం చూడండి, అక్కడ ఉంది.

దాని ఫలితం ల్యాబులో కనబడేది. లోలకం ఊపి గురుత్వ త్వరణం కొలవమంటే పిల్లలు ముందు పుస్తకంలోని తొమ్మిది వందల ఎనభై సెంటీమీటర్లు అని రాసుకుని, వెనక్కి లెక్కగట్టి లోలకం ఎన్ని సెకన్లు ఊగాలో తేల్చుకునేవాళ్ళు. కొందరైతే లోలకాన్ని పెట్టెలోంచి తీసేవాళ్ళే కాదు. నేను రంకెలు వేసేవాణ్ణి. ఏ మొహంతో వేశానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నేర్పింది నేనే కదా!

గ్రేస్ మేడమ్

మా పక్క గది స్టాటిస్టిక్సు వాళ్ళది. అక్కడ గ్రేస్ మేడమ్ ఉండేవారు. చిత్తూరు వాళ్ళు, ఉద్యోగం కోసం వచ్చి అలిపిరి దగ్గర కాపురం పెట్టారు. ఆమె పద్ధతి మాకు వింతగా ఉండేది. తాను కూడా ముందు చూడని లెక్కను క్లాసుకు పట్టుకుపోయేవారు. మధ్యలో ఆగిపోయేవారు. ఆగి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లల పక్కన మొదటి బెంచీ మీద కూర్చుని బోర్డు వైపు చూసేవారు. "నాకూ తెగలేదప్పా. ఎవురికైనా ఏమన్నా తోస్తా ఉందా?" అనడం మా గదిలోకి వినబడేది. మేం ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం.

ఒక ఏడాది నలుగురు పిల్లలు నా దగ్గరకు వచ్చి, మేడమ్‌కు లెక్కలు రావు, సిలబస్ కదలడం లేదు అని చెప్పుకున్నారు. రాసివ్వండి అన్నాను. రాసి తెచ్చిన కాగితంలో భాష సరిగా లేదని నేనే దిద్ది, ప్రిన్సిపాలుకు ఇమ్మన్నాను. రెండేళ్ళు ఆమెకు ఎమ్మెస్సీ క్లాసులు లేకుండా పోయాయి. ఆ కాగితం దిద్దిన చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను చూస్తే మాత్రం మునుపటిలాగే నవ్వి పలకరించేవారు. దానికంటే నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

డబ్బాకు చిల్లు

ఇప్పుడు అసలు లెక్క. భయపడకండి, ఫిజిక్సు రానివాళ్ళకు కూడా అర్థమవుతుంది.

ఒక మూసిన డబ్బాలో వాయువు ఉంది. అందులోని అణువులు కొన్ని వేగంగా, కొన్ని నిదానంగా తిరుగుతుంటాయి. వాటి సగటు శక్తి ఒకటిన్నర కేటీ. కేటీ అంటే వేడిమిని బట్టి పెరిగే ఒక కొలత, అంతవరకు తెలిస్తే చాలు. ఆ డబ్బాకు సూదిమొనంత చిల్లు పెడితే కొన్ని అణువులు బయటపడతాయి. అలా బయటపడ్డవాటి సగటు శక్తి ఎంత? ఒకటిన్నరే అనిపిస్తుంది. పుస్తకం చివరి పేజీ రెండు అంటుంది. ఆ మిగిలిన అర ఎక్కడిది?

బైండు పుస్తకంలో ఆకుపచ్చ సిరాతో ఒక వాక్యం ఉంది: 'చిల్లు దిశలోని కదలికకు అదనంగా అర కేటీ కలుపవలెను.' ఎందుకు కలపాలో లేదు. నేను పదకొండేళ్ళు కలిపాను. ఆ వాక్యం వచ్చేసరికి గొంతు కాస్త పెంచి, చకచకా రాసి, చివర రెండు కేటీ చుట్టూ డబ్బా గీసేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

పన్నెండో ఏట రెడ్డెమ్మ అడిగింది. పలమనేరు పక్క పల్లె పిల్ల, ఇంట్లో పాడి ఉన్నవాళ్ళు. రెండో బెంచీలో కూర్చునేది. బాగా చదువుతుందని పేరేమీ లేదు. పరీక్షల్లో నిదానం. అర్థం కానిది రాయడం ఆమెకు చేతకాదు, అందుకే నిదానం.

"సార్, ఆ అర యాడ్నించి వచ్చింది సార్?"

"దిశ నుంచి."

"దిశ ముందర్నించీ ఉండాది కదా సార్. సిల్లు పెట్టినంత మాత్రాన కొత్తగా ఎట్లొస్తాది?"

క్లాసు గొల్లుమంది. నాకు చెవులు కాలిపోయాయి. "జవాబు రెండు కేటీయా కాదా?" అన్నాను. అవును సార్ అంది. "మనకు వచ్చిందా లేదా?" వచ్చింది సార్ అంది. "అయితే కూర్చో" అన్నాను. కూర్చుంది. నా వైపు కాకుండా బోర్డు వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు గ్రేస్ మేడమ్ దగ్గరకు పోయాను. వేరే దారి లేదు. "మేడమ్, ఒక స్టూడెంటు అడిగినాడు" అని మొదలుపెట్టాను.

ఆమె రెండు నిమిషాలు ఆలోచించారు. "మా ఇంటికాడ అలిపిరి మెట్లు ఉండాయి కదా సార్. మెట్ల మీద ఉండే జనాన్నంతా ఒక్క ఫోటో తీసినామనుకోండి, అది ఒక లెక్క. గాలిగోపురం కాడ కూసోని గంటలో మనల్ని దాటిపోయినోళ్ళను లెక్కపెడితే అది ఇంకో లెక్క. నిదానంగా ఎక్కేవాళ్ళు ఆ గంటలో మన దాకా రారు, యాడో కిందనే ఉంటారు. బిరబిరా ఎక్కేవాళ్ళే జాస్తిగా దాటతారు. అంటే దాటినోళ్ళ సగటు వేగం ఎక్కువే కదా? మీ సిల్లు కూడా గాలిగోపురమే. వేగంగా ఉండేవి జాస్తిగా బయటపడతాయి. ప్రతిదాన్నీ దాని వేగంతో హెచ్చించి సగటు తీయండి."

"మీరు మెట్లు ఎప్పుడు ఎక్కినారు మేడమ్?" అని వెటకారం ఆడాను. సిగ్గు పడాల్సిన చోట వెటకారం ఆడటం నాకు అలవాటు.

"సూసేదానికి ఎక్కాల్నా సార్? మీ స్టూడెంటుకు నిదానంగా సెప్పండి, పాపం అర్థం సేసుకుంటాడు" అన్నారు. ఆ స్టూడెంటు ఎవరో ఆమెకు తెలిసిపోయింది.

సాయంత్రం ఇంట్లో కాగితం పెట్టుకుని చేశాను. నాలుగంటే నాలుగే గీతలు. రెండు కేటీ దానంతట అదే వచ్చి కూర్చుంది. కుర్చీలోంచి లేచి హాల్లో అటూ ఇటూ తిరిగాను. అంత సంతోషం ఆ పదకొండేళ్ళలో ఏ లెక్కా ఇవ్వలేదు. ఎందుకంటే అంతకుముందు నేను చేసిన లెక్క ఒక్కటీ లేదు, అన్నీ అతికించినవే.

మరి తెల్లవారి క్లాసులో చెప్పొచ్చు కదా? చెప్పలేదు. అప్పటికే నా పేరుతో ఒక సమాధానాల పుస్తకం ఊళ్ళో అచ్చుకు పోయి ఉంది. అందులో ఆ ఆకుపచ్చ వాక్యం అలాగే ఉంది. పైగా, నిలబడి "నిన్న నేను చెప్పింది నాకే తెలియదు" అనాలి. నా నాలుక తిరగలేదు.

ఆమె జవాబు పత్రం

పరీక్షలో అదే లెక్క వచ్చింది, పది మార్కులకు. పరీక్షలు మా కాలేజీవే, పత్రాలు దిద్దింది నేనే. అందరూ అర కేటీ కలిపి, రెండు కేటీ చుట్టూ డబ్బా గీశారు. అందరికీ పది వేశాను. ఒక పత్రంలో మాత్రం జవాబు ఒకటిన్నర దగ్గర ఆగింది. నంబరు తప్ప పేరు ఉండదు గానీ, ఆ గుండ్రటి చేతిరాత ఎవరిదో నాకు తెలుసు. కింద నాలుగు వాక్యాలు రాసి ఉన్నాయి. వాటి సారాంశం ఇది: జవాబు రెండు రావాలని నాకు తెలుసు. నాకు ఒకటిన్నర వచ్చింది. వేగంగా పోయేవి ఎక్కువగా బయటపడతాయని అనిపిస్తోంది గానీ దాన్ని లెక్కలో ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. తెలియకుండా అర కలపడం ఇష్టం లేక ఇక్కడే ఆపుతున్నాను.

ఒక్క గీత దూరంలో ఉంది ఆ పిల్ల. ఎవరూ చెప్పకుండా గాలిగోపురం దాకా వచ్చి నిలబడింది. నేను ఆ వాక్యాల కింద ఎర్ర సిరాతో 'పరీక్షలో ఉత్తరాలు రాయకూడదు' అని రాసి, రెండు మార్కులు వేశాను. ఎందుకు వేశావంటే చెప్పడానికి నాకు ఒకటే కారణం ఉంది. ఆ పత్రం నన్ను చదివినట్టు అనిపించింది, కోపం వచ్చింది.

ఆ పేపరులో ఆమెకు మొత్తం ముప్పై ఆరు వచ్చాయి. పాసు కావడానికి నలభై కావాలి. మామూలుగా అయితే మళ్ళీ రాసుకుంటుంది, పోతుంది. కానీ ఆమెకు బెంగళూరులో రీసెర్చి సీటు వచ్చి ఉంది. చేరే తేదీలోగా అన్ని పేపర్లూ పాసై ఉండాలని షరతు. రీవాల్యుయేషనుకు అర్జీ పెట్టింది. అది చెంగల్రాయులు సారు బల్ల మీదికి వచ్చింది. ఆయన నన్ను పిలిచి పత్రం నా ముందు పెట్టారు.

"సదివినా. పాప బాగానే రాసిందప్పా. నాలుగు మార్కులే కదా, నీ ఇష్టం. అయితే ఒకటి. ఈయమ్మికి వేస్తే, ఆ అర ఎందుకు కలిపినారని మిగతా వాళ్ళవి గూడా ఎవురన్నా తవ్వుతారు. నీ పుస్తకం వేరే అచ్చులో ఉండాది. సూసుకో."

చూసుకున్నాను. నన్ను నేను చూసుకున్నాను. 'మార్పు లేదు' అని రాసి సంతకం పెట్టాను.

రెండు రోజుల తర్వాత ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, గొడవ పడుతుందనుకున్నాను, దానికి తగ్గట్టు మొహం బిగించి పెట్టుకున్నాను.

"మార్కుల కోసం రాలేదు సార్. అది అయిపోయింది. ఆ అర యాడ్నించి వచ్చిందో అదొక్కటి సెప్పండి సార్. నిద్ర పట్టడం లేదు."

నాలుగు గీతలు. నా జేబులో కలం ఉంది, బల్ల మీద కాగితం ఉంది. చెప్పి ఉంటే, ఇంత తెలిసీ రెండు మార్కులు ఎందుకు వేశావని ఆమె అడగక్కర్లేదు, కళ్ళతో చూస్తే చాలు. "పుస్తకం వస్తోంది కదమ్మా, అందులో చూసుకో" అన్నాను. సరే సార్ అని వెళ్ళిపోయింది. బెంగళూరు సీటు పోయింది.

ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఆగిపోండి. నలుగురి ముందు ఆగిపోవడం ఈ పనిలో భాగమే. పత్రం దిద్దేటప్పుడు 'నాకు ఇక్కడ తెలియలేదు' అని రాసిన పిల్ల కనబడితే ఎర్ర కలం కింద పెట్టి రెండోసారి చదవండి. నిజంగా లెక్క చేసినవాళ్ళకే తమకు ఎక్కడ తెలియలేదో తెలుస్తుంది. మిగతావాళ్ళకు అంతా తెలిసినట్టే ఉంటుంది, నాకు ఉన్నట్టు.

పలమనేరులో

ఆ కొత్త లెక్చరరు వచ్చి వెళ్ళిన తర్వాత నాకు ఇంట్లో కాలు నిలవలేదు. రెడ్డెమ్మ పలమనేరు దగ్గర ఒక పాల చిల్లింగ్ సెంటరులో పని చేస్తోందని పాత విద్యార్థులు చెప్పగా విన్నాను. బస్సెక్కి పోయాను. మొగిలి ఘాటు ఎక్కేసరికి చలిగాలి తగిలింది.

ఆమె తెల్ల కోటులో ఉంది. పాల క్యాన్ల నుంచి నమూనాలు తీసి పరీక్షించే విభాగానికి ఆమే పెద్ద. నన్ను చూడగానే గుర్తుపట్టి కుర్చీ వేసింది, టీ తెప్పించింది. "బాగుండానా అని అడగద్దండి సార్, బాగుండాను. ఈడ గూడా లెక్కలే. క్యానును బాగా కలబెట్టకుండా పైపైన ముంచితే మీగడంతా గరిటెలోకి వస్తాది, పాలు సిక్కగా ఉండాయనుకుంటాం" అని నవ్వింది.

"ఆ అర సంగతి మాట్లాడాలని వచ్చినానమ్మా" అన్నాను.

"అదా సార్! నెల తిరక్కుండానే తెలిసిపోయింది. మా ఆవుల కాడ కూసోని ఉంటే తోసింది. వేగంతో హెచ్చించాల, అంతే కదా?"

"అంతే. తప్పు చేసినానమ్మా. నువ్వు స్టాఫ్ రూముకు వచ్చి అడిగిన దినానికి అది నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు."

ఆమె చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. మొహంలో నవ్వు పోయింది.

"తెలుసా సార్ మీకు?" అంది. "మీకూ తెలీదనుకుంటి సార్. తెలీని మనిషి ఏం సెప్తాడు పాపం అని, అప్పుడే వదిలేస్తిని" అంది.

ఇన్నేళ్ళూ ఆమె నన్ను క్షమించి ఉంది. ఆ క్షమను నేనే బస్సెక్కి వచ్చి లాగేసుకున్నాను.

ఆమె లేచి బీరువా తీసి, ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. జవాబు పత్రం జిరాక్సు. అప్పట్లో అర్జీ పెట్టి తెప్పించుకున్నదట. నా ఎర్ర అక్షరాలు అందులో నల్లగా పడ్డాయి. ఆ పేజీ నా ముందు పరిచి, తన కలం ఇచ్చింది.

"ఇప్పుడు దిద్దండి సార్."

వాక్యం వాక్యం చదివాను. కళ్ళు మసకబారుతుంటే తుడుచుకుని చదివాను. చదివి, రెండు కొట్టేసి, పక్కన పది అని వేశాను. కాగితం ఆమె వైపు జరిపాను.

ఆమె ఆ పదిని చూసింది. నా చేతిలోంచి కలం తీసుకుని దాని మీద అడ్డగీత గీసింది.

"పది ఎట్లొస్తాది సార్? జవాబు తప్పు కదా. సివరి మెట్టు నాకు రాలేదు" అంది. పక్కన ఏడు వేసింది. మార్జినులో ముప్పై ఆరు లోంచి రెండు తీసి, ఏడు కలిపి, నలభై ఒకటి అని రాసి నాకు చూపించింది.

"ఏడు సాలు సార్. ఏడు వేసుంటే సరిపోయేది."